గీసిన చేతికే కళ సొంతం
మూడు ప్రదర్శనశాలలకు రూపమిచ్చిన మదనపల్లె గురువు జేమ్స్ కజిన్స్

మదనపల్లె: ఏటా డిసెంబరు, జనవరి నెలలు వచ్చాయంటే రాయలసీమ పాఠశాలల నుంచి విహారయాత్రల బస్సులు బయలుదేరతాయి. కొన్ని మైసూరు దారి పడతాయి. మరికొన్ని హైదరాబాద్ చేరతాయి. మైసూరులో జగన్మోహన ప్యాలెస్ చిత్రశాల, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం తప్పక చూడవలసిన వాటి జాబితాలో ఉంటాయి. కేరళ వరకు వెళ్లినవారు తిరువనంతపురంలో జంతు ప్రదర్శనశాల ఉన్న ఆవరణలోనే శ్రీ చిత్ర ఆర్ట్ గ్యాలరీని కూడా చూసి వస్తారు. మూడు రాష్ట్రాల్లోని ఈ మూడు ప్రదర్శనశాలలు రూపుదిద్దుకోవడం వెనుక ఒకే వ్యక్తి శ్రమ ఉంది. ఆయన మదనపల్లెలో పాఠాలు చెప్పిన గురువు. ఈ పట్టణంలోనే కన్నుమూసిన కవి. పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్.

కజిన్స్ పేరు చెప్పగానే మదనపల్లె వాసులకు జాతీయ గీతం గుర్తుకు వస్తుంది. విశ్వకవి రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడికి వచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చిన ప్రిన్సిపాల్‌గానే ఆయన అందరికీ తెలుసు. కళను రాజమందిరాల గదుల నుంచి ప్రజల ముందుకు, ముఖ్యంగా విద్యార్థుల ముందుకు తీసుకురావడానికి ఆయన నాలుగు దశాబ్దాలు పాటుపడ్డారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. నేడు ప్రదర్శనశాలలు పిల్లలకు బొమ్మలు గీయడం, మట్టితో బొమ్మలు చేయడం, కథలు అల్లడం నేర్పుతున్నాయి. వస్తువును చూసి ఊరుకోక, దాని ప్రేరణతో విద్యార్థి తానూ ఏదో ఒకటి సృష్టించాలన్నది ఈ పద్ధతి సారాంశం. కజిన్స్ జీవితమంతా ఈ ఒక్క నమ్మకం చుట్టూనే తిరిగింది.

బడి మానిన బాలుడు

ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో 1873 జులై 22న కజిన్స్ జన్మించారు. ఆయనది సామాన్య కుటుంబం. చిన్న వయసులోనే చదువుకు స్వస్తి చెప్పి కొలువులో చేరవలసి వచ్చింది. గుమాస్తాగా పని చేస్తూనే పుస్తకాలు చదివి జ్ఞానం సంపాదించుకున్నారు. కొంతకాలం ఆ నగర మేయరు వద్ద కార్యదర్శిగా ఉన్నారు. 1897లో డబ్లిన్ చేరుకున్నారు. అప్పుడు ఆ నగరం ఒక గొప్ప సాహిత్య పునరుజ్జీవనానికి వేదికగా ఉంది. ఇంగ్లీషు పాలన నీడలో మరుగునపడిన తమ పురాణగాథలను, జానపద కథలను ఐర్లండు కవులు తిరిగి వెలికి తీస్తున్నారు. డబ్ల్యూ.బి. యేట్స్, జార్జ్ రస్సెల్ వంటి కవుల నడుమ కజిన్స్ కూడా కవిగా, నాటకకర్తగా గుర్తింపు పొందారు.

1903లో మార్గరెట్ గిలెస్పీతో ఆయనకు వివాహమైంది. ఆమె సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన ధీశాలి. దంపతులిద్దరూ శాకాహారులు, దివ్యజ్ఞాన సమాజం భావాలను అభిమానించినవారు. తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన రచయిత జేమ్స్ జాయిస్ 1904లో నిలువ నీడ లేక కొద్దిరోజులు ఈ దంపతుల ఇంట తలదాచుకున్నారు.

ఆ తరువాత కజిన్స్ డబ్లిన్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఇంగ్లీషుతో పాటు భూగోళశాస్త్రం బోధించేవారు. ఆ శాస్త్రానికి ఒక పాఠ్యపుస్తకం కూడా రాశారు. చిన్న వయసులోనే బడి మానిన వ్యక్తి బోధకుడై, పాఠ్యపుస్తక కర్త కావడం విశేషమే. పరీక్షల కోసం కాక ఇష్టం కోసం చదువుకున్నవాడు కనుక విద్య అంటే సమాచారాన్ని బుర్రలో నింపడం కాదన్న విషయం ఆయనకు స్వానుభవంతో తెలుసు.

కొలువు పోగొట్టిన వ్యాసం

అనీబిసెంట్ ఆహ్వానంపై కజిన్స్ దంపతులు 1915లో భారతదేశానికి వచ్చారు. మద్రాసులో బిసెంట్ నడుపుతున్న న్యూ ఇండియా పత్రికలో ఆయన సాహిత్య విభాగం బాధ్యతలు చేపట్టారు. అవనీంద్రనాథ్ టాగూర్, నందలాల్ బోస్ తదితరులు కలకత్తాలో సాగిస్తున్న నూతన చిత్రకళా ఉద్యమం ఆయనను అమితంగా ఆకర్షించింది. ఐర్లండు కవులు మాటలతో చేసిన పనిని ఈ చిత్రకారులు రంగులతో చేస్తున్నారని ఆయన భావించారు. 1916లో మద్రాసులో బెంగాల్ చిత్రకారుల చిత్రాలతో ప్రదర్శన ఏర్పాటు చేయడంలో ముందు నిలిచారు. అప్పటి దాకా దక్షిణాది ప్రజలకు ఆ చిత్రాలను నేరుగా చూసే అవకాశం దాదాపు లేదు.

అదే ఏడాది ఐర్లండులో ఈస్టరు తిరుగుబాటు చెలరేగింది. బ్రిటిష్ ప్రభుత్వం తిరుగుబాటు నాయకులకు మరణశిక్ష విధించింది. కాల్చివేతకు గురైన వారిలో పాట్రిక్ పియర్స్, థామస్ మెక్‌డోనా వంటి కవులు ఉన్నారు. కజిన్స్‌కు డబ్లిన్ నాటి నుంచి పరిచయమున్న సాహిత్య లోకం అది. పియర్స్ కేవలం విప్లవకారుడు కాడు. డబ్లిన్ సమీపంలో సొంతంగా పాఠశాల స్థాపించి, నాటకం, కళ, మాతృభాషల ద్వారా పిల్లలకు విద్య నేర్పిన గురువు. ఆ తిరుగుబాటుదారులను శ్లాఘిస్తూ కజిన్స్ న్యూ ఇండియాలో వ్యాసం రాశారు. యుద్ధకాలపు ఆంక్షల నడుమ అది సాహసమే. ఫలితంగా ఆయన పత్రికా కొలువు పోయింది.

బిసెంట్ ఆయనను పూర్తిగా వదులుకోలేదు. మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన సమాజం ఆధ్వర్యంలో ప్రారంభమైన కళాశాలకు ఇంగ్లీషు బోధకుడిగా పంపారు. నాడు మదనపల్లె చిత్తూరు జిల్లాలో ఒక చిన్న తాలూకా కేంద్రం. మద్రాసు మహానగరం నుంచి ఈ కొండల నడుమ ఊరికి రావడం ఎవరికైనా శిక్షలాగే తోచవచ్చు. కజిన్స్ జీవితంలో మాత్రం అదే మలుపు అయింది.

పాడి నేర్చిన పాఠం

హోమ్‌రూల్ ఉద్యమంతో ఉన్న సంబంధం కారణంగా మదనపల్లె కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు రద్దయింది. అడయారులో ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయం దానిని అక్కున చేర్చుకుంది. ఆ విశ్వవిద్యాలయానికి టాగూర్ ఛాన్సలర్. ఈ పరిస్థితుల్లో కజిన్స్ ప్రిన్సిపాల్ బాధ్యతలు స్వీకరించారు. సర్కారు గుర్తింపు లేని చదువు విద్యార్థులకు ఉద్యోగాలు ఇవ్వలేదు. కనుక ఆ చదువు వారికి ఇంకేదైనా ఇవ్వాలి. ఆ ఇంకేదైనా అన్నది కళే అని ఆయన తలచారు.

కళాశాలలో ప్రతి బుధవారం రాత్రి భోజనానంతరం విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరి పాటలు పాడుకునే ఆనవాయితీ ఉండేది. అందులో పరీక్ష లేదు, మార్కులు లేవు. గొంతు బాగున్నవారు, లేనివారు అన్న భేదం లేదు. 1919 ఫిబ్రవరిలో విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చిన టాగూర్ ఒక బుధవారం ఆ గోష్ఠికి హాజరయ్యారు. తాను రచించిన జనగణమన గీతాన్ని అక్కడ ఆలపించారు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ మహాసభలో తొలిసారి వినిపించిన ఆ గీతం అప్పటికి దక్షిణాదిన అంతగా తెలియదు. మదనపల్లె విద్యార్థులు దానిని విని వెంటనే పట్టుకున్నారు. పల్లవిని కలిసి పాడారు.

మరుసటి రోజుల్లో మార్గరెట్ కజిన్స్ కవిని అడిగి, ఆ గీతం స్వరాలను లిపిబద్ధం చేశారు. 1919 ఫిబ్రవరి 28 తేదీతో టాగూర్ స్వహస్తాలతో ఇంగ్లీషు అనువాదాన్ని రాసి ఇచ్చారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఈ గీతాన్ని జాతీయ గీతంగా స్వీకరించింది. నేడు దేశమంతా పాడుతున్న బాణీకి తమ ఊరిలో రాసిన స్వరలిపితో బంధం ఉందని మదనపల్లె వాసులు గర్వంగా చెప్పుకొంటారు.

ఈ ఘట్టాన్ని చరిత్ర విశేషంగా చెప్పి వదిలేయడం పరిపాటి. అందులో విద్యకు సంబంధించిన పాఠం ఒకటి దాగి ఉంది. విద్యార్థులు ఒక మహాకవిని దూరం నుంచి చూసి నమస్కరించి వెళ్లలేదు. ఆయన పాటలో తమ గొంతు కలిపారు. అందుకే ఆ పాట వారికి సొంతమైంది. అద్దాల పెట్టె ముందు నిలబడిన పిల్లవాడికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. చూసినది మరుపునకు వస్తుంది. చేసినది మనసులో ఉంటుంది.

మైసూరులో చిత్రశాల, ఒక కవి పుట్టుక

1919లో కజిన్స్ జపాన్ వెళ్లి కియో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు కవిత్వం బోధించారు. తరువాత ఆ విశ్వవిద్యాలయమే ఆయనకు డాక్టరేటు ప్రదానం చేసింది. తిరిగి వచ్చాక అడయారులో బోధన, దేశమంతటా ఉపన్యాసాలు, గ్రంథ రచనతో తీరిక లేకుండా గడిపారు. కళ ధనికుల విలాసం కాదని, అన్నపానాల వలె మనిషికి అవసరమని ఆయన వాదించారు. ప్రతి విద్యార్థికీ ఏదో ఒక సృజనాత్మక ప్రక్రియలో అభ్యాసం ఉండాలని, అది లేని విద్య సగం విద్య మాత్రమేనని ఆయన రచనల సారాంశం.

ఈ ఆలోచనకు తొలి భవనం మైసూరులో దొరికింది. నాల్గవ కృష్ణరాజ ఒడెయరు పాలనలో ఉన్న మైసూరు సంస్థానం కళలకు పుట్టినిల్లు. 1861లో నిర్మించిన జగన్మోహన ప్యాలెస్‌లో 1924లో కజిన్స్ సలహాతో చిత్రశాల రూపుదిద్దుకుంది. బెంగాల్ చిత్రకారుల చిత్రాలు ఆయన చొరవతో అక్కడికి చేరాయి. సామాన్యులకు ఆ చిత్రాలను చూసే అవకాశం లభించింది. నేడు ఆ చిత్రశాలలో హల్దంకర్ గీసిన దీపం పట్టుకున్న స్త్రీ చిత్రం ముందు పిల్లలు గుమిగూడతారు. చేతి వేళ్ల సందుల్లోంచి వచ్చే ఆ ఎర్రటి వెలుగు నిజమైనదేమోనని దగ్గరికి వెళ్లి పరికించి చూస్తారు.

అదే 1924లో, అదే మైసూరులో ఇంకొక సంఘటన జరిగింది. ఇంగ్లీషులో కవిత్వం రాస్తున్న ఒక కన్నడ విద్యార్థి తన రచనలు పట్టుకుని కజిన్స్ వద్దకు వెళ్లాడు. ఐర్లండు కవి మెచ్చుకుంటారని ఆశించాడు. కజిన్స్ వాటిని తిరగేసి, మాతృభాషలో ఏమైనా రాశావా అని ఆరా తీశారు. పరాయి భాషలో ఎంత కృషి చేసినా అనుకరణ దాటడం కష్టమని, సొంత భాషలో రాస్తేనే కొత్తదేదో పుడుతుందని హితవు చెప్పారు. ఆ విద్యార్థికి మొదట నిరాశ కలిగింది. తరువాత కన్నడంలో కలం పట్టాడు. ఆయనే కువెంపు. కన్నడ సాహిత్యానికి తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిపెట్టిన మహాకవి.

తన భాషకు దూరమైన దేశం నుంచి వచ్చిన వ్యక్తి కనుకనే కజిన్స్ ఆ మాట చెప్పగలిగారు. ప్రదర్శనశాలలకు ఈ ఉదంతం నేరుగా వర్తిస్తుంది. వస్తువు పక్కన అతికించిన చీటీ ఇంగ్లీషులో మాత్రమే ఉంటే పల్లె నుంచి వచ్చిన నాలుగో తరగతి పిల్లవాడికి అది అడ్డుగోడే. ఆ వస్తువు కథను అతడి భాషలో చెప్పి, తిరిగి అతడి మాటల్లో చెప్పించినప్పుడే ఆ గోడ తొలగుతుంది.

తిరువాంకూరులో గ్యాలరీ

1930వ దశకంలో కజిన్స్ మరల మదనపల్లె కళాశాల ప్రిన్సిపాల్‌గా పని చేశారు. ఆ రోజుల్లోనే తిరువాంకూరు సంస్థానం నుంచి పిలుపు వచ్చింది. యువ మహారాజు చిత్తిర తిరునాళ్ పాలనలో ఆయన సంస్థానానికి కళా సలహాదారు అయ్యారు. 1935లో తిరువనంతపురంలో శ్రీ చిత్రాలయం ప్రారంభమైంది. రవివర్మ చిత్రాలు, రోరిక్ హిమాలయ దృశ్యాలు, బెంగాల్, తంజావూరు, మొగల్, రాజపుత్ర శైలుల చిత్రాలు, చైనా, జపాన్ చిత్రాలు ఒకే కప్పు కింద చేరాయి. కేరళ బాలుడు తన ఇంటి గోడపై చూసిన రవివర్మ బొమ్మను, దాని పక్కనే జపాన్ చిత్రాన్ని చూసి పోల్చుకునే వీలు కలిగింది.

గ్యాలరీ ఉన్న చోటు కూడా గమనించదగినది. అది ఊరికి దూరంగా, గంభీరంగా, ఒంటరిగా లేదు. జంతు ప్రదర్శనశాల, ఉద్యానవనం, మ్యూజియం ఉన్న ఆవరణలోనే ఉంది. కుటుంబాలు సెలవు రోజున పులిని చూడడానికి వస్తాయి. పిల్లలు చెట్ల కింద ఆడుకుంటారు. ఆ దారిలోనే చిత్రాలనూ చూస్తారు. తాతలు రవివర్మ గీసిన పురాణ ఘట్టాలను గుర్తుపట్టి మనవలకు కథ చెబుతారు. కుటుంబమంతా కలిసి నేర్చుకోవడానికి ఇటువంటి వాతావరణమే కావాలని నేటి మ్యూజియం నిపుణులు చెబుతున్నారు.

తిరువాంకూరులో ఉన్నప్పుడు 1937లో కజిన్స్ జయరామ్ అన్న పేరు స్వీకరించారు. అటు అడయారులో రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన కళాక్షేత్రానికీ ఆయన తోడ్పాటు అందింది.

78 ఏట సాలార్‌జంగ్ సంపద

హైదరాబాద్ సంస్థానంలో దివాన్లుగా పని చేసిన సాలార్‌జంగ్ వంశంలో చివరివాడు నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. 1912లో దివాన్ అయి, 1914లో పదవికి రాజీనామా చేసి, శేష జీవితాన్ని కళాఖండాల సేకరణకే అంకితం చేశారు. ఆయనకు పెళ్లి కాలేదు. 1949 మార్చి 2న మరణించే నాటికి ఆయన భవనాల నిండా ప్రపంచ నలుమూలల నుంచి తెచ్చిన వస్తువులు ఉన్నాయి. వారసత్వ చిక్కులు తలెత్తాయి. ఆ సంపద చెల్లాచెదురయ్యే ప్రమాదం ఏర్పడింది.

హైదరాబాద్ ముఖ్య పౌర పరిపాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఆ వస్తువులతో మ్యూజియం ఏర్పాటు చేయాలని సంకల్పించారు. వేర్వేరు భవనాల్లో పడి ఉన్న వేలాది వస్తువులను ఒక క్రమంలో పేర్చడానికి కళావిమర్శకుడి సహాయం అవసరమైంది. ఆ బాధ్యత కజిన్స్‌ను వరించింది. అప్పటికి ఆయన ఎనభయ్యో పడికి చేరువలో ఉన్నారు. భార్య మార్గరెట్ 1943లో పక్షవాతానికి గురై మంచాన పడ్డారు. అయినా ఆయన వెనుకాడలేదు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడి భవనంలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ నది ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనంలోకి మారింది.

ఒక నవాబు తన ఆనందం కోసం కూడబెట్టిన వస్తువులు నేడు ఊరూరి పిల్లల సొత్తు. గంట కొట్టే వేళకు తలుపు తీసుకుని వచ్చే చిన్న బొమ్మను చూడడానికి సంగీత గడియారం ముందు వారు ముందుగానే బారులు తీరతారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు నిలబడి, రాతిలో పలుచని వస్త్రం ఎలా కనిపిస్తోందని ఆశ్చర్యపోతారు. ఒకే దుంగలో ముందు ఒకరు, వెనుక ఒకరుగా చెక్కిన మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా కొయ్యబొమ్మను అద్దంలో చూసి అబ్బురపడతారు. ఆటబొమ్మలతో పిల్లల కోసం ప్రత్యేక విభాగమూ ఉంది.

చూపు నుంచి చేత దాకా

ఇంత సంపద ఉన్నా పాఠశాల యాత్రల తీరు చూస్తే నిరాశే మిగులుతుంది. బస్సు ఆలస్యంగా చేరుతుంది. తరువాత చార్మినార్ చూడాలి, జూ పార్కు చూడాలి. వంద మంది పిల్లలను వరుసలో నిలబెట్టి, ముట్టుకోవద్దు, మాట్లాడవద్దు, ఆగవద్దు అంటూ గంటలో గదులన్నీ తిప్పి బయటకు తెస్తారు. ఊరికి వచ్చాక ఏం చూశావని అడిగితే గడియారం అన్న జవాబు తప్ప మరొకటి రాదు. తప్పు పిల్లలది కాదు. వారికి చూసే వ్యవధి ఇవ్వలేదు. చేసే పని అసలే ఇవ్వలేదు.

కజిన్స్ ఆలోచనను ఆచరణలో పెట్టడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. యాత్రకు వారం ముందే ఉపాధ్యాయుడు తరగతిలో మ్యూజియం గురించి చెప్పి, ఏ అయిదు వస్తువులు చూడాలో నిర్ణయించాలి. అక్కడ పిల్లలను చిన్న జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో వస్తువు ముందు పావుగంట కూర్చోబెట్టాలి. తెల్లకాగితం, పెన్సిలు చేతికివ్వాలి. బొమ్మ అందంగా రావాలన్న నిబంధన లేదు. గీయడం కోసం చూసే చూపు వేరు. కత్తి పిడిపై లత ఎటు తిరిగిందో, విగ్రహం చేతికి ఎన్ని గాజులు ఉన్నాయో గీసేవాడికే తెలుస్తుంది.

తిరిగి వచ్చాక అసలు పాఠం మొదలవుతుంది. చూసిన వస్తువును బంకమట్టితో చేయవచ్చు. ఆ వస్తువే తన కథ చెప్పుకొన్నట్లు తెలుగులో రాయవచ్చు. నవాబు, శిల్పి పాత్రలతో చిన్న నాటకం ఆడవచ్చు. పిల్లల బొమ్మలతో బడి వసారాలో ప్రదర్శన పెట్టి తల్లిదండ్రులను పిలవవచ్చు. హైదరాబాద్ ఎన్నడూ చూడని తల్లి తన బిడ్డ మాటల్లో ఆ మ్యూజియాన్ని చూస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియం బాలల దినోత్సవం సందర్భంగా పిల్లలకు పోటీలు నిర్వహిస్తోంది. ఏటా మే 18న జరిగే అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం కూడా ఇటువంటి కార్యక్రమాలకు అనువైనదే. కళలను ఇతర పాఠ్యాంశాలతో కలిపి బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం స్పష్టంగా సూచించింది. కజిన్స్ నూరేళ్ల కిందట కోరినది దాదాపు ఇదే.

యాత్రకు డబ్బులు లేని పాఠశాలల మాటేమిటన్న ప్రశ్న సహజం. ప్రతి ఊరిలోనూ పాతకాలపు వస్తువులు ఉన్నాయి. రోలు, తిరగలి, కవ్వం, కుంచం, మానిక, తాటాకు గ్రంథం, నాగలి వంటివి ఇళ్ల అటకల మీద, పశువుల కొట్టాల్లో మూలుగుతున్నాయి. పిల్లలు ఇంటింటికీ వెళ్లి, వాటి పేర్లు, వాడిన తీరు పెద్దలను అడిగి రాసుకుని, బడిలో ఒక గదిలోనో, ఒక మూలనో అమర్చితే అదే ఆ ఊరి మ్యూజియం. చీటీలు పిల్లలే రాస్తారు. వివరించేదీ వారే. నాయనమ్మ తిరగలి పట్టి విసరి చూపిస్తే, ఆ రోజుకు ఆమే ఉపాధ్యాయురాలు.

కజిన్స్ దృష్టిలో ఒక లోటు ఉందని కళాచరిత్రకారుల్లో కొందరి అభిప్రాయం. ఆయన బెంగాల్ చిత్రాలపై చూపిన మక్కువ సామాన్యుల చేతివృత్తులపై అంతగా చూపలేదన్నది వారి మాట. ఆ లోటును ఆయన కుటుంబ మిత్రురాలే కొంత తీర్చారు. 1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికల్లో పోటీ చేసేలా కమలాదేవి చట్టోపాధ్యాయను ప్రోత్సహించింది మార్గరెట్ కజిన్స్. అదే కమలాదేవి స్వాతంత్ర్యానంతరం చేతివృత్తుల ఉద్ధరణకు నడుం కట్టి, శ్రీకాళహస్తి కలంకారీకి మళ్లీ ఊపిరి పోశారు. వెదురు పుల్లకు నూలు చుట్టి కలంగా చేసుకుని, కరక్కాయ రసంలో ముంచిన గుడ్డపై రామాయణ ఘట్టాలు గీసే ఆ కళను ప్రాంత విద్యార్థులకు ఒక్కపూట చేయించి చూపితే, పుస్తకంలో పది పేజీలు చదివినదాని కంటే ఎక్కువ బోధపడుతుంది.

చివరి మజిలీ మదనపల్లె

మార్గరెట్ 1954 మార్చి 11న అడయారులో మరణించారు. దేశంలో తొలి మహిళా మేజిస్ట్రేట్లలో ఒకరిగా, 1927లో అఖిల భారత మహిళా సదస్సు స్థాపనకు మూలకారకురాలిగా ఆమె చరిత్రలో నిలిచారు. దంపతులిద్దరూ కలిసి రాసిన ఆత్మకథ 1950లోనే వెలువడింది. భార్య మరణానంతరం కజిన్స్ రెండేళ్లే జీవించారు. 1956 ఫిబ్రవరి 20న, 82 ఏళ్ల వయసులో మదనపల్లెలో కన్నుమూశారు. కొలువు పోయి వచ్చిన ఊరే ఆయనకు చివరి మజిలీ అయింది.

ఆయన ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు. మైసూరు మహారాజు చిత్రాలకు, తిరువాంకూరు మహారాజు గ్యాలరీకి, నవాబు వస్తువులకు ఒక క్రమం కల్పించి, తలుపులు తెరిపించారు. ఆ మూడు సంస్థానాలూ కాలగర్భంలో కలిశాయి. తలుపులు మాత్రం తెరిచే ఉన్నాయి. లోపలికి వెళ్లే పిల్లవాడి చేతిలో ఏముంది అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

ఫిబ్రవరి మాసం మదనపల్లెకు రెండు విధాలుగా ముఖ్యమైనది. టాగూర్ వచ్చిన మాసం అదే, కజిన్స్ కన్నుమూసిన మాసమూ అదే. ఆ నెలలో ఒక్కరోజు ప్రతి పాఠశాలలో పిల్లల చేత ఊరి పాత వస్తువులను సేకరింపజేసి, బొమ్మలు గీయించి, పాట పాడించి, తల్లిదండ్రుల ఎదుట ప్రదర్శిస్తే ఆ గురువుకు అంతకు మించిన నివాళి ఉండదు. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు. ఒక ఉపాధ్యాయుడు, ఒక గది, నలభై తెల్లకాగితాలు చాలు.